అమృత్‌సర్‌లో గిన్నెలు తోమిన మూడు రోజులు

మొదటి రోజు: నిజామాబాద్ నుంచి నాందేడ్

బాసర దగ్గర రైలు గోదావరి బ్రిడ్జి ఎక్కగానే మా బావమరిది జేబులోంచి రెండు రూపాయి బిళ్ళలు తీసి ఒకటి నా చేతిలో పెట్టాడు. తనది కళ్ళకద్దుకుని కిటికీలోంచి నీళ్ళలోకి విసిరాడు. సరస్వతమ్మ గుడి ఉన్న దిక్కుకి దండం పెట్టి నావైపు చూశాడు. నా బిళ్ళ నా చేతిలోనే ఉంది.

"వెయ్యవా బావా?"

"చాయ్‌కి పనికొస్తుంది."

ముప్ఫై ఏళ్ళుగా మా ఇద్దరి మధ్య నడుస్తున్న ఆట ఇది. వాడు ఏటా అయ్యప్ప మాల వేస్తాడు, మంగళవారం మాంసం ముట్టడు, బట్టల దుకాణం తెరవగానే మొదటి అగరుబత్తి వెలిగించాకే షట్టర్ పూర్తిగా పైకి లేపుతాడు. నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి నిరుడు రిటైరైనవాణ్ణి. గుడికి వెళ్తే ప్రసాదం తింటాను, మొక్కను.

మరి అమృత్‌సర్ ఎందుకు అంటే, నాకు పాట కోసం. ఏడాదిగా రాత్రిళ్ళు నిద్ర పట్టనప్పుడు ఫోన్‌లో హర్‌మందిర్ సాహిబ్, అంటే అక్కడి బంగారు గుడి, కీర్తన వింటున్నాను. దాంట్లో ఎప్పుడైనా వినబడే దిల్‌రుబా అనే తీగ వాయిద్యం నన్ను పట్టుకుంది. వయొలిన్‌కి జలుబు చేసినట్టుండే గొంతు దానిది. అది దగ్గర్నుంచి వినాలని. వాడికైతే ఎక్కడున్నా దేవుడే. "బంగారు గుడి చూసినట్టుంటది, నువ్వు తోడుంటవు" అని టికెట్లు వాడే బుక్ చేశాడు.

నాందేడ్ మాకు పరాయి ఊరు కాదు. స్టేషన్ బయట ఆటోవాడు మొదట మరాఠీలో అడిగి, మా ముఖాలు చూసి తెలుగులోకి దిగాడు. సాయంత్రం అక్కడి గురుద్వారా హజూర్ సాహిబ్‌కి వెళ్ళాం. సిక్కుల పదో గురువు గోబింద్ సింగ్ 1708లో కన్నుమూసింది ఇక్కడే. తన తర్వాత మనిషి గురువు ఉండడు, గ్రంథమే గురువు అని చెప్పి వెళ్ళాడాయన. ఇప్పుడున్న కట్టడం మహారాజా రంజిత్ సింగ్ కట్టించింది. దీపాలతో హారతి ఇచ్చారు. పంజాబ్ గురుద్వారాల్లో ఇలా ఉండదట, ఇది ఇక్కడి పద్ధతి. "మన గుడి లెక్కనే ఉన్నది బావా" అని వాడు తేలికపడ్డాడు. అంతకుముందు దాకా తప్పుచేస్తానేమో అని కొంచెం టెన్షన్ పడ్డాడు.

రెండో రోజు: సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్

నాందేడ్ నుంచి అమృత్‌సర్‌కి వెళ్ళే ఈ రైలు గురించి మా కాలేజీలో పనిచేసిన ఒక సర్దార్జీ ముందే చెప్పాడు: రెండు గిన్నెలు, రెండు గ్లాసులు పెట్టుకోండి, తిండి గురించి ఆలోచించకండి. నిజంగానే రైలు కొన్ని స్టేషన్లలో ఆగగానే ప్లాట్‌ఫాం మీద బకెట్లు, గరిటెలు సిద్ధంగా ఉంటాయి. జనం గిన్నెలు పట్టుకుని దిగుతారు, దిగలేనివాళ్ళు కిటికీలోంచి చాస్తారు. స్లీపరా ఏసీనా అని చూడరు, టికెట్ ఉందా అనీ అడగరు. ఔరంగాబాద్‌లో మాకు పప్పు, అన్నం, బంగాళదుంప కూర పడ్డాయి. పోసేవాళ్ళకి టైం లేదు, రైలు ఆగేది కాసేపే. ఒకతను పరుగెత్తుతూనే పోస్తున్నాడు, ఒక్క చుక్క కింద పడలేదు.

మా బావమరిది మొదట దిగలేదు. "ఉత్తగ తినుడేంది బావా" అని కూర్చున్నాడు. శబరిమల దారిలో అన్నదానం తినేవాడే. అక్కడ తను భక్తుడు, ఇక్కడ ఎవరో. తేడా వాడికి అలా అనిపించి ఉంటుంది. నేనే రెండు గిన్నెలూ పట్టుకుని దిగాను. తిన్నాక ఒక పది రూపాయలు ఎవరికైనా ఇద్దామని చూస్తే రైలు కదిలింది.

పై బెర్తు మీద పడుకుంటే మా బాపు గుర్తొచ్చాడు. ఈ కథలో ఆయన రాకతప్పదు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను.

బాపు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో కార్మికుడు. పగలు మిల్లు, సాయంత్రం యూనియన్ ఆఫీసు, ఎర్రజెండా. రాత్రి నాటకం ఉంటే హార్మోనియం. చుట్టుపక్కల ఊళ్ళల్లో యక్షగానమన్నా పద్యనాటకమన్నా ఆయన పెట్టె లేకుండా తెర లేవదు. కాటి సీనులో హరిశ్చంద్రుడు ఐదున్నర శ్రుతిలో రాగం తీస్తుంటే, ఆ పాడేవాడికి ఊపిరి అందని చోట బాపు వేళ్ళు అందుకునేవి. జనం ఏడ్చేవాళ్ళు. బాపు మాత్రం దేవుణ్ణి నమ్మేవాడు కాదు. "రోజూ కృష్ణుడి పద్యాలు వాయిస్తవు, నమ్మవేంది" అని అమ్మ దెప్పితే, "దేవుడి సంగతి నాకెందుకే, వానికి శ్రుతి కుదిరిందా లేదా అది చూస్త నేను" అనేవాడు.

నాకు దేవుడి విషయంలో ఆయన బుద్ధి వచ్చింది, పెట్టె విషయంలో రాలేదు. కాలేజీకి హైదరాబాద్ వెళ్ళాక త్యాగరాయ గానసభలో కచేరీలు వినడం మొదలుపెట్టాను. వీణ, వయొలిన్ చెవికి పట్టాక హార్మోనియం రేకుడబ్బా అనిపించింది. దాని మీద స్వరం ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి గెంతుతుంది తప్ప జారదు. గమకం పలకదు. పెద్ద పెద్ద వాళ్ళే ఈ మాట అన్నారని చదివి ఇంకా బలపడ్డాను. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని గాలి తరంగాల మీది నుంచి వెళ్ళగొట్టింది, 1971 దాకా మళ్ళీ రానివ్వలేదు. ఈ సంగతి బాపుకి ఒకసారి చెప్పాను కూడా, ఏదో కొత్తది కనిపెట్టినట్టు. ఆయన ఏమీ అనలేదు. పెట్టె మీద గుడ్డ కప్పాడు.

ఆయన పోయాక దాన్ని పక్క ఊరి భజన మండలికి పద్దెనిమిది వందలకి ఇచ్చేశాను.

మూడో రోజు: చేరడం

ఢిల్లీలో మధ్యాహ్నం. అంబాలా, లూధియానా. గోధుమ చేలు, ఆవపూలు. చెప్పుకోడానికి ఏం లేదు, ఒళ్ళంతా నొప్పులు తప్ప. రాత్రి అమృత్‌సర్‌లో దిగాం. ఫిబ్రవరి చివర్లో కూడా చలి చెవుల్లోకి దూరుతోంది.

గుడి దగ్గరి సరాయ్‌లో మంచాలు దొరికాయి. సామాను పెట్టేసి తలకి గుడ్డ కట్టుకుని వెళ్ళాం. చెప్పులు అప్పగించి, కాలువలా పారే నీళ్ళలో పాదాలు తడుపుకుని లోపలికి అడుగుపెడితే మెట్లు కిందికి దిగుతున్నాయి. మన గుళ్ళకి ఎక్కి వెళ్తాం, ఇక్కడ దిగి వెళ్ళాలి. నలుదిక్కులా నాలుగు గుమ్మాలు. ఎవరు ఎటునుంచైనా రావచ్చని అర్థం చెబుతారు. కింద సరోవరం, నడుమ బంగారు రేకు తాపిన చిన్న కట్టడం. బంగారం 1830 ప్రాంతంలో రంజిత్ సింగ్ వేయించినదే కానీ, చెరువు అంతకంటే చాలా పాతది. నాలుగో గురువు రామ్‌దాస్ 1577లో మొదలుపెట్టాడు. ఫొటోల్లో చూసి చూసి ఉన్నాం కదా, పెద్దగా ఏమీ అనిపించదులే అనుకున్నాను. నీళ్ళలో దాని నీడ వణుకుతుంటే మాట రాలేదు. సరే, అందం అందమే, దానికి నమ్మకంతో పనేముంది అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

గ్రంథాన్ని పల్లకీలో అకాల్ తఖ్త్‌కి, అంటే సిక్కుల అత్యున్నత పీఠానికి, తీసుకెళ్ళే వేళ అది. రాత్రి పడుకోబెట్టడం, తెల్లవారకముందే లేపడం. పుస్తకాన్ని! మా బావమరిది జనంలోకి దూరి పల్లకీ బొంగుకి భుజం ఆనించి నాలుగడుగులు నడిచి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "పెద్దపల్లకీ సేవలో మోసినట్టే" అన్నాడు. సిక్కులు విగ్రహాన్ని కొలవరు. అయినా వాడికి తెలిసిన సేవ ఇక్కడ దొరికింది. నాకు తెలిసింది ఇంకా దొరకలేదు.

నాలుగో రోజు: పళ్ళేలు

మూడింటికి లేచాం. పాలరాయి మీద కాళ్ళు కొంకర్లు పోతున్నాయి. చాప పరిచిన చోటల్లా నడుస్తూ, లేనిచోట గెంతుతూ పరిక్రమ చేశాం. లోపల 'ఆసా దీ వార్' మొదలైంది. తెల్లవారుజామున పాడేది ఇదే. గురుగ్రంథ సాహిబ్‌లో 1430 పుటలు, చాలాభాగం రాగాల వారీగా, ముప్ఫై ఒక్క రాగాల కింద సర్ది ఉంటుంది. ఒక మతగ్రంథానికి విషయసూచిక రాగాలతో ఉండటం లెక్కల మాస్టారికి కూడా నచ్చే ఏర్పాటు. అందులో గురువుల పదాలే కాదు, కబీరు, రవిదాస్, షేక్ ఫరీద్ ఉన్నారు. పండరి విఠలుడి భక్తుడు నామదేవుడివి అరవై ఒకటి ఉన్నాయి.

ఆసా రాగం వింటూ చాలాసేపు ఇబ్బంది పడ్డాను. ఎక్కడో విన్నాను. పైకి వెళ్ళేటప్పుడు గాంధారం, నిషాదం వదిలేస్తోంది. దిగేటప్పుడు ఏడూ పలుకుతున్నాయి. స రి మ ప ద స. వేళ్ళతో మోకాలి మీద లెక్కపెట్టుకున్నాక వెలిగింది. మెట్ల వరకు చూస్తే మన ఆరభి రాగమే! నడక మాత్రం పూర్తిగా వేరు. ఆరభి మన దగ్గర భుజాలు విరుచుకుని నడుస్తుంది. ఇది దుప్పటి కప్పుకుని మెల్లగా వస్తోంది. అదే ఇంట్లో పుట్టిన ఇద్దరు అన్నదమ్ముల్లా ఉన్నాయంటే అతిగా ఉంటుందేమో, కానీ నాకు అలాగే అనిపించింది.

దిల్‌రుబా లేదు. రెండు హార్మోనియాలు, తబలా. ఇంత దూరం వచ్చింది మళ్ళీ ఆ పెట్టె కోసమా అని నవ్వొచ్చింది.

తర్వాత లంగర్, అందరికీ ఉచితంగా పెట్టే భోజనం. బారులు తీరి నేలమీద కూర్చోవాలి. నా మోకాళ్ళు ఒప్పుకోకపోయినా కూర్చున్నాను. రొట్టె ఇచ్చేవాడు నా ముందు ఆగాడు. నేను పళ్ళెం చూపించాను. పెట్టడే! పక్కనున్నాయన మోచేత్తో పొడిచి రెండు చేతులూ దోసిలి పట్టి చూపించాడు. రొట్టెను రెండు చేతులా అందుకోవాలి. దాన్ని రొట్టె అనరు, 'ప్రసాదా' అంటారు. నేను దోసిలి పట్టాక వేడివేడిగా రెండు పడ్డాయి. దేవుడి ముందు చాచని చేతులు రొట్టెకి చాచాల్సి వచ్చింది. ఆకలి ముందు ఇజాలు నిలవవు గదా. మామూలు రోజుల్లోనే యాభై వేల నుంచి లక్ష మంది దాకా ఇక్కడ తింటారంటారు. రాత్రీ పగలూ తేడా లేదు.

బయటికి వస్తుంటే చెవులు చిల్లులు పడే మోత. గుడిలో అంత పద్ధతిగా ఉన్న నిశ్శబ్దానికి అడ్డంగా వెయ్యి రేకుల మీద రాళ్ళ వాన కురిసినట్టు. తిన్న పళ్ళేలు కడిగే చోటు అది.

ఎలా జరుగుతుందంటే: మీరు పళ్ళెం అందిస్తే ఒకరు చెంచా వేరు చేస్తారు, ఒకరు గిన్నె వేరు చేస్తారు, ఒకరు మిగిలింది తొట్టిలో కొట్టి పళ్ళేన్ని వెనక్కి విసురుతారు. వెనక పొడవాటి స్టీలు తొట్లు వరసగా. ఒక్కోదానికి అటూ ఇటూ మనుషులు, భుజానికి భుజం తగిలేంత ఇరుగ్గా. మొదటి తొట్టిలో సబ్బునీళ్ళు. పళ్ళెం తీసుకుని లోపల గుడ్డతో ఒక చుట్టు, వెనక ఒక చుట్టు, అంచు వెంబడి బొటనవేలు, పక్క తొట్టిలోకి. అక్కడా అంతే. చివరి తొట్టిలో ఉత్త నీళ్ళు. ఎక్కడైనా పప్పు మరక మిగిలితే చివర నిలబడ్డ పెద్దావిడ ఏమీ అనకుండా మొదటి తొట్టిలోకి తిరిగి విసిరేస్తుంది. నావి మొదటి పది నిమిషాల్లో మూడు తిరిగొచ్చాయి. డిస్టింక్షన్‌లో పాసైన మనిషికి అది చిన్నతనమే.

మా బావమరిది పంచె ఎగగట్టి నా పక్కన దూరాడు. ఇంట్లో తాగిన గ్లాసు తీయనివాడు. "ఇంట్ల చెప్పకు బావా, రోజూ తోమమంటరు" అన్నాడు.

ఎడమ పక్క కుర్రాడు కాలేజీ పిల్లాడిలా ఉన్నాడు, కుడి పక్క తలపాగా పెద్దాయన. ఎవరూ పేరు అడగలేదు. ఏ ఊరు, ఏ కులం, ఏం చేస్తావు అన్న మన మూడు ప్రశ్నలూ ఆ మోతలో వినబడవు కూడా. అరగంట గడిచేసరికి చేయి దానంతటదే తిరగసాగింది. లోపల, వెనక, అంచు, విసురు. నాలుగు దెబ్బలు. పక్కవాళ్ళవీ దాదాపు అదే వేగం. ఎవరైనా తడబడితే ఆ తొట్టి అంతా ఒక క్షణం ఆగి మళ్ళీ అందుకుంటుంది. స్పీకర్లో కీర్తన వస్తూనే ఉంది, మోతలో తబలా మాత్రం తెలుస్తోంది. నా పళ్ళెం సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద, పడాలని ప్రయత్నించాను. చాలాసార్లు పడలేదు. ఒకసారి పడినప్పుడు పెద్దాయన నా వైపు చూసి గడ్డంలో నవ్వాడు, ఆయనా అదే ఆట ఆడుతున్నాడని అర్థమైంది.

రెండు గంటల తర్వాత ఎవరో స్టీలు గిన్నెల్లో టీ తెచ్చారు. చేతులు నీళ్ళకి నాని చింతపండులా అయ్యాయి. యూనియన్ శ్రమదానాల్లో బాపు నన్ను పారపట్టించేవాడు. ఊరి చెరువు పూడిక తీస్తూ యాభై మంది ఒకే పాటకి తట్టలు అందుకునేవాళ్ళు. ఇక్కడి సరోవరం పూడిక కూడా జనమే తీశారు, 1923లో, మళ్ళీ 1973లో. కార్‌సేవ అంటారు. బురద తట్ట మోయడాన్ని అదృష్టం అనుకుని లక్షలమంది వచ్చారట. బాపు చూసి ఉంటే అందులో దేవుణ్ణి తీసేసి మిగిలిందంతా ఒప్పుకునేవాడు. అలా తీసేయొచ్చా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. ఆ జనం దేవుడు లేకుండా వచ్చేవాళ్ళు కాదు గదా.

ఐదో రోజు: రొట్టెలు, రబాబీలు

పొద్దున జలియన్‌వాలాబాగ్. గుడికి నాలుగడుగుల్లో ఉంది. 1919 ఏప్రిల్ 13న డయ్యర్ సిపాయిలు 1650 తూటాలు కాల్చిన చోటు. గోడల్లో గుంటలు ఉన్నాయి, బావి ఉంది. జనం పారిపోలేక ఇరుక్కున్న ఆ సందు గోడలకి ఇప్పుడు నవ్వుతున్న బొమ్మలు చెక్కారు. అది అలా వట్టి ఇటుకగా వదిలేస్తే బాగుండేది. ఇంతకంటే రాయబుద్ధి కావడం లేదు.

మధ్యాహ్నం రొట్టెల దగ్గర కూర్చున్నాం. పెద్ద యంత్రం గంటకి వేలల్లో చేస్తుంది గానీ, పక్కన చేత్తో వత్తేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఎక్కువమంది ఆడవాళ్ళు. నాకు కర్రతో వత్తడం రాదు. మాది జొన్న రొట్టెల ఇల్లు, అమ్మ దగ్గర నేర్చుకున్న చెయ్యి. గోధుమ ముద్దని అరచేతుల మధ్య అటూ ఇటూ తడుతూ పెద్దది చేశాను. ఎదురుగా కూర్చున్న ముసలామె ఆగిపోయి చూసింది. నా చేతిలోంచి తీసుకుని వెలుతురుకి పట్టి మందం చూసింది, పక్కామెకి చూపించింది. ఏదో అంది, అందరూ నవ్వారు. తర్వాత ఆమె కూడా ఒక ముద్ద తట్టి చూసింది. రాలేదు. "మక్కీ" అంది నన్ను చూసి. మొక్కజొన్న రొట్టె అలాగే తడతారని తర్వాత తెలిసింది. సాయంత్రం దాకా నేను తట్టినవి ఆమె వేరే గుట్టగా పెట్టింది. అవి పెనం మీదికి వెళ్ళాయో, ఆవులకి వెళ్ళాయో అడగలేదు.

పనిచేస్తూ ఒక సంగతి ఆలోచించాను. ఒకే బారున కూర్చుని తినడం అన్నది ఇక్కడ ఐదువందల ఏళ్ళ కిందటి ఆలోచన. కులం అడగకుండా ఎదుటివాడి పక్కన కూర్చోవడమే దాని అసలు సంగతి. అయినా పంజాబ్ పల్లెల్లో దళితులకి వేరే గురుద్వారాలు, వేరే శ్మశానాలు ఉన్న ఊళ్ళు ఉన్నాయి. ఇంకొకటి: రొట్టెలు వత్తేది ఆడవాళ్ళే, లోపల కీర్తన పాడేది మాత్రం మగవాళ్ళే. ఆడవాళ్ళని అక్కడ పాడనివ్వాలని చాలా ఏళ్ళుగా అడుగుతున్నారు. నేను విన్న మూడు రోజుల్లో ఒక్క ఆడగొంతు లేదు. నమ్మేవాళ్ళ మీద విసుర్లు విసరడం నాకు తేలిక, కానీ పొద్దున ఇక్కడి రొట్టె తిని మధ్యాహ్నం విసరడం అంత తేలికగా లేదు. చెప్పకుండా ఉండటం కూడా బాగాలేదు.

సాయంత్రం సరోవరం మెట్ల మీద ఒక పెద్దాయన కలిశాడు. నా హిందీ విని ఎక్కడివాళ్ళమో అడిగాడు. తబలా నేర్చుకున్నవాడట. దిల్‌రుబా కోసం వచ్చానంటే ఉత్సాహపడ్డాడు. ఈ గుడిలో ఒకప్పుడు తీగ వాయిద్యాలే ఉండేవని, హార్మోనియం ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వచ్చిందని చెప్పాడు. గురునానక్ వెంట జీవితమంతా తిరిగి రబాబు అనే తీగ వాయిద్యం వాయించిన భాయి మర్దానా ముస్లిం. ఆ పరంపరలో రబాబీలనే ముస్లిం గాయకులు తరతరాలుగా ఇక్కడ లోపల కూర్చుని పాడేవారు. 1947లో సరిహద్దు పడింది. వాళ్ళంతా అవతలికి వెళ్ళిపోయారు. లాహోర్ ఇక్కడికి యాభై కిలోమీటర్లు.

"2022లో అకాల్ తఖ్త్ వాళ్ళు చెప్పారు, మూడేళ్ళలో హార్మోనియం తీసేసి పాత తీగ వాయిద్యాలే తేవాలని" అన్నాడు. నేను సంతోషించాల్సిన మాట. హార్మోనియం తెల్లవాళ్ళ వెంట వచ్చింది, గమకం పలకదు, గురువుల కాలంలో లేదు. అన్నీ నిజాలే, నేను బాపుకి చెప్పినవే. ఈ పెద్దాయన నోట వింటుంటే మాత్రం మనసులో ఎక్కడో గుచ్చుకుంది. ఊరూరా ఆ పెట్టెతోనే పాడినవాళ్ళు ఏమవ్వాలి? వందేళ్ళుగా జనం ఏడ్చింది దానితోనే గదా. "మీకేది ఇష్టం?" అని అడిగాను.

"చిన్నప్పట్నుంచి విన్నది పెట్టెనే. రబాబు గొప్పది. కానీ నిద్రలో నాకు వినబడేది పెట్టె" అన్నాడు.

ఆరో రోజు: చెప్పులు, దిల్‌రుబా

తెల్లవారుజామున లోపలికి వెళ్ళే వంతెన మీద గంటన్నర నిలబడ్డాం. గుమ్మం దాటాక నిలబడనివ్వరు, దండం పెట్టి కదలాలి. మేడ మీదికి ఎక్కి మూల దొరికితే కూర్చోవచ్చు. కూర్చున్నాం. కింద రాగీలు, కీర్తన పాడేవాళ్ళు. ఈ జత్థాలో, అంటే బృందంలో, ఒకతని చేతిలో దిల్‌రుబా! భుజానికి ఆనించుకుని కమాను లాగుతున్నాడు.

రెండు వేల కిలోమీటర్లు దీనికోసమే కదా. చెవి దాని వెంట వెళ్ళింది. బాగుంది, అనుకున్నదానికంటే బాగుంది. స్వరం నుంచి స్వరానికి నూనె పోసినట్టు జారుతోంది. పాడేవాడు ఒకచోట పదం చివర గొంతు ఆపి ఊపిరి తీసుకున్నాడు. ఆ ఖాళీలో హార్మోనియం రెండు స్వరాలు నింపింది. ఎంతో అవసరం లేదు, ఎవరూ గమనించరు. బాపు చేసే పని. నా చెవి దిల్‌రుబాని వదిలి అక్కడ ఆగిపోయింది. తర్వాతి ఊపిరి కోసం ఎదురుచూశాను. మళ్ళీ నింపాడు. మిగతా అరగంటా నేను పాట వినలేదు, ఆ పూరింపులే విన్నాను.

పక్కన బావమరిది కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుంటున్నాడు. గోవింద నామాలు అనుకుంటా. వద్దని ఎవరూ అనలేదు.

పది గంటలకి జోడా ఘర్‌కి వెళ్ళాం, చెప్పులు దాచే చోటు. కౌంటర్ వెనక నిలబడి, చెప్పులు అందుకుని, దుమ్ము తుడిచి, అరలో పెట్టి బిళ్ళ ఇవ్వాలి. సూటూ బూటూ వేసుకునే ఉద్యోగాలవాళ్ళలా ఉన్నవాళ్ళు కూడా ఇక్కడ ఎవరివో బురద చెప్పులు ఒళ్ళో పెట్టుకుని తుడుస్తున్నారు. గిన్నెలకంటే ఇది నాకు కష్టమైంది, నిజం చెప్పాలి. గిన్నె కడగడం వేరు, చెప్పు తుడవడం వేరు. మన దగ్గర ఆ పని ఎవరిచేత చేయించామో ఒళ్ళే గుర్తుపెట్టుకుంది. మొదటి జత అందుకున్నప్పుడు చెయ్యి వెనక్కి లాగింది. దేవుడి మీద నమ్మకం పోయినంత తేలికగా అది పోలేదన్నమాట. గంటకి పైగా చేశాను. బావమరిది బట్టల దుకాణం అలవాటు కొద్దీ జతలు జతలుగా మడత పెట్టినట్టు సర్దుతూ, "సైజు చెప్తే చాలు తీసిస్త" అని మురిశాడు.

సాయంత్రం బజారులో తబలాలు, హార్మోనియాలు అమ్మే చిన్న దుకాణం కనిపించింది. ఒకటి ముందుకు జరిపి "ఏ శ్రుతి పాడతారు?" అన్నాడు దుకాణదారు. "నేను పాడను. మా నాన్న ఐదున్నరకి వాయించేవాడు" అన్నాను. ఎడమచేత్తో తిత్తి ఊపి, కుడిచేత్తో వెతుక్కున్నాను. వేళ్ళు ఎక్కడా నిలబడలేదు. స రి మ ప ద స మాత్రం వచ్చింది, తప్పటడుగుల మీద. ధర పద్నాలుగు వేలు. వేళ్ళు రాని మనిషికి అంత పెట్టె ఎందుకని లేచాను. బావమరిది మాత్రం కొనేస్తాడేమోనన్నట్టు పర్సు తీసి చేత పట్టుకునే ఉన్నాడు.

రాత్రి చివరిసారి తొట్టి దగ్గరికి వెళ్ళాం. ఒక్కటీ తిరిగి రాలేదు.

ఏడో రోజు: తిరుగు రైలు

చీకటితోనే రైలు. మధ్యాహ్నానికి ఏదో స్టేషన్లో బకెట్లు కనబడగానే బావమరిది రెండు గిన్నెలూ పట్టుకుని నాకంటే ముందే దిగాడు. అన్నం, కడీ తెచ్చాడు. తిన్నాక నా గిన్నె కూడా లాక్కుని రైలు పెట్టె చివర కుళాయి దగ్గరికి పోయాడు. తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను: లోపల ఒక చుట్టు, వెనక ఒక చుట్టు, అంచు వెంబడి బొటనవేలు.

ఫోన్ తీసి మా ఊళ్ళో ఇద్దరి ముగ్గురిని అడిగి, భజన మండలి పెద్దమనిషి నంబరు పట్టుకున్నాను. ఇరవై ఏళ్ళు దాటింది, నేనెవరో గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది.

"పెట్టెనా? ఉన్నది సారూ. గుళ్ళె మూలకు పెట్టినం. తిత్తి ఎలుకలు కొట్టినయ్. మూడు మెట్లు పలుకుతలేవు" అన్నాడు. కొంచెం ఆగి, "గిప్పుడెందుకు?" అని అడిగాడు.

బావమరిది చేతులు దులుపుకుంటూ వచ్చి, ఎవరు అన్నట్టు కనుబొమ్మలు ఎగరేశాడు.